పసులు కాసినోళ్లు, పసుల యజమానులు

"మాల మాదిగలకు భూమి ఇస్తే ఏం జేసుకుంటరు, బర్రెలిస్తే అమ్ముకుంటరు" అనే మాట మన జిల్లాల్లో పాతదే. దీనికి జవాబు చరిత్రలోనే వెతకాలె.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దొరల కొట్టాల్లో పెండ ఎత్తింది, మంద మేపింది, రాత్రిపూట బర్రెను ఈనించింది ఎవరు? జీతమున్న దళితులు, బడి ముఖం చూడని వాళ్ల పిల్లలు. మా నాయిన కూడా పదేండ్లకే దొర పసుల కాడ జీతమున్నడు. పశువు చచ్చిపోతే తోలు తీసి, దొర బాయి మోటకు బొక్కెన కుట్టింది మాదిగలు. పశువు గురించి తెలిసింది వీళ్లకు, పశువు మీద హక్కు దొరకు. పాల లెక్క, పైసల లెక్క కూడా దొర చేతిలనే ఉండె.

పసులకు మేత కావాలంటే భూమి కావాలె. గైరాన్లు, బంజర్లు దొరల కింద పడ్డయి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన వేలమంది వెట్టిని, జీతగాళ్ల దోపిడీని, సర్కారు భూముల ఆక్రమణను కలిపే ప్రశ్నించిండ్రు. అక్టోబర్‌లో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

2014లో తెలంగాణ సర్కారు దళితులకు మూడెకరాల భూపంపిణీ మొదలుపెట్టింది. 2021లో హుజూరాబాద్‌లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ప్రకటించింది. అందులో ఎంచుకోదగిన యూనిట్లలో పాడి ఒకటిగా ఉండె.

ఇక్కడ కొత్తగా నేర్వాల్సింది మేపుడు కాదు, యజమానిగా లెక్క చూసుడు. పాడి బర్రెకు రోజుకు సుమారు 20-25 కిలోల పచ్చిగడ్డి, 5-6 కిలోల ఎండుగడ్డి కావాలె. కాబట్టి బర్రె కంటె ముందు గడ్డి, గడ్డి కంటె ముందు నీళ్లు. బర్రెలన్నీ ఒక్కసారే కొంటే అన్నీ ఒక్కసారే వట్టిపోతయి; ఇంట్ల పైసకు కటకట అయితది. సగం ఇప్పుడు, సగం అయిదారు నెలలకు కొంటే పాలు ఆగవు. పాల కేంద్రంల ధర వెన్న శాతాన్ని బట్టి ఉంటది గనుక ఆ కొలత మనమే చదువుకోవాలె. చెవికి బిల్ల, బీమా కాగితం లేని బర్రె చస్తే పెట్టుబడి మొత్తం మట్టిల కలుస్తది.

నీళ్లు లేని చెలక, గడ్డి లేని బర్రె ఇచ్చి, ఓడిపోతే "వీళ్లకు చేతగాదు" అనుడు పాత దొరతనమే. ఊరి గైరాన్ ఎన్ని ఎకరాలు, ఇయ్యాల ఎవరి కింద ఉన్నదని గ్రామసభల అడుగుడు కూడా పశుపోషణలో భాగమే.