మక్తబ్‌లో తొలి ఏడాది: పసివారి పాఠ్యక్రమంపై వెయ్యేళ్ల చర్చ

ముస్లింల విద్యాచరిత్ర అనగానే కైరోలోని అల్ అజ్‌హర్, బాగ్దాద్‌లోని నిజామియా వంటి మహావిద్యాలయాల పేర్లే ముందుగా స్ఫురిస్తాయి. అయితే ఆ విద్యాలయాల గడప తొక్కినవారు ఏ కాలంలోనైనా కొద్దిమందే. అసంఖ్యాకులైన సామాన్యుల బిడ్డలకు చదువంటే మసీదు పక్కనో, ఉపాధ్యాయుని ఇంటి అరుగు మీదనో సాగే చిన్న బడి మాత్రమే. అరబ్బు దేశాల్లో దానికి కుత్తాబ్ అని, మన దేశంలో మక్తబ్ అని పేరు. రెండు మాటలూ ‘వ్రాయు’ అనే అర్థంగల ఒకే అరబీ ధాతువు నుండి పుట్టినవి.

ఐదారేళ్ల పసివాడు అక్కడ కూర్చునే తొలి ఏడాదిలో ఏమి నేర్చుకోవాలి? ముందు అక్షరమా, దివ్యఖుర్ఆన్ వచనమా? కంఠస్థం చేయడమా, అర్థం గ్రహించడమా? ఈ ప్రశ్నలపై ఇస్లామీయ పండితులు వెయ్యేళ్లకు పైగా చర్చించారు. ఇది బోధనా పద్ధతికి మాత్రమే సంబంధించిన చర్చ కాదు. పేద ఇళ్ల పిల్లలెందరికో రెండు మూడేళ్లు దాటి చదువు సాగేది కాదు. కనుక పెద్దలు తొలి పాఠంగా దేనిని ఎన్నుకుంటే, అదే ఆ పిల్లలకు జీవితాంతం మిగిలే పాఠమయ్యేది.

ఆరంభ దశ

క్రీ.శ. 624లో జరిగిన బద్ర్ యుద్ధంలో పట్టుబడిన మక్కా ఖైదీలలో కొందరికి పరిహారం చెల్లించే స్తోమత లేకపోయింది. వారిలో వ్రాత తెలిసినవారు ఒక్కొక్కరు మదీనా పిల్లలు పదిమందికి వ్రాయడం నేర్పితే విడుదల పొందవచ్చునని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) నిర్ణయించారు. చరిత్రకారుడు ఇబ్నె సాద్ ఉల్లేఖించిన ప్రకారం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఆ విధంగా వ్రాత నేర్చినవారిలో ఒకరు. తరువాతి కాలంలో దివ్యఖుర్ఆన్‌ను గ్రంథరూపంలో సంకలనం చేసే బాధ్యత వహించినది ఆయనే. ఇక్కడ గమనించదగిన విషయమేమంటే, ఆ ఉపాధ్యాయులు ముస్లింలు కారు. వారి వద్ద పిల్లలు నేర్చినది ధర్మశాస్త్రమూ కాదు, కేవలం అక్షరం.

స్త్రీల విషయంలోనూ ఇటువంటి ఆధారం ఉన్నది. షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) అనే సహాబియా, ప్రవక్త సతీమణి హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పినట్లు అబూదావూద్ హదీసు సంకలనంలో కనిపిస్తుంది.

ఖైరవాన్ నగరపు బడి

ఇస్లామీయ సామ్రాజ్యం విస్తరించిన కొద్దీ కుత్తాబ్‌లు ఊరూరా వెలిశాయి. వాటిని గురించి విడిగా వ్రాయబడి నేటికీ లభిస్తున్న గ్రంథాలలో మొట్టమొదటిదిగా పేరుపొందినది ‘ఆదాబుల్ ముఅల్లిమీన్’. నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నగరానికి చెందిన ముహమ్మద్ ఇబ్నె సహ్నూన్ దాని కర్త. ఆయన హి. 256, అనగా క్రీ.శ. 870లో మరణించారు. ఉపాధ్యాయుడు చేయవలసినవీ చేయరానివీ ధర్మశాస్త్ర దృష్టితో అందులో చర్చించబడ్డాయి.

ఆ గ్రంథం ప్రకారం ఖుర్ఆన్ పఠనం, సరియైన ఉచ్చారణ, అక్షరాలు గుర్తించి వ్రాయడం తప్పనిసరిగా నేర్పవలసినవి. లెక్కలు, కవిత్వం, వ్యాకరణం తండ్రి కోరితే నేర్పవచ్చును. కోరనిచో నిర్బంధం లేదు. వుజూ చేయడం, నమాజు పద్ధతి, రకాతుల సంఖ్య కూడా పిల్లలకు అలవాటు చేయాలి. పేదవాని బిడ్డ, ధనవంతుని బిడ్డ అనే భేదం చూపరాదు. పిల్లలను వదలి ఉపాధ్యాయుడు తన సొంత పనులపై తిరగరాదు. దండించవలసి వస్తే మామూలుగా మూడు దెబ్బలు మించరాదు. ఈదుల్ ఫిత్ర్‌కు ఒకరోజు, ఈదుల్ అజ్‌హాకు మూడు రోజులు సెలవు. మరి రెండు రోజులు కలిపి ఇచ్చినా తప్పు లేదు.

ఆ బడిలో పుస్తకాలు ఉండేవి కావు. పిల్లవాని చేతిలో ఒక చెక్క పలక ఉండేది. ఆనాటి పాఠం దానిపై సిరాతో వ్రాసి, వల్లించి, అప్పజెప్పిన తరువాత కడిగివేసేవారు. ఆ కడగడానికి కూడా ఒక మర్యాద ఉన్నది. హజ్రత్ అనస్ (రజి) చెప్పినట్లుగా ఇబ్నె సహ్నూన్ దానిని వివరించారు. బడిలో ఒక తొట్టి ఉండేది. పిల్లలు రోజుకొకరు వంతులవారీగా శుభ్రమైన నీరు తెచ్చి అందులో పోసేవారు. ఖుర్ఆన్ వచనాలున్న పలకలను ఆ నీటితో కడిగి, ఆ నీటిని నేలలో గుంట త్రవ్వి అందులో ఇంకిపోనిచ్చేవారు. అర్థం తెలియని వయస్సులోనే దైవవాక్కు పట్ల ఎంతటి గౌరవం పాటించాలో పిల్లవానికి ఈ పని నేర్పేది. పాఠ్యక్రమంలో కనిపించని పాఠమిది.

ఇదే నగరానికి చెందిన అల్ ఖాబిసీ (మరణం క్రీ.శ. 1012) తరువాతి కాలంలో ఈ విషయంపైనే మరింత విపులమైన గ్రంథం వ్రాశారు. చదివించే స్తోమత లేని తండ్రి బిడ్డ సంగతి ఏమిటన్న ప్రశ్నను ఆయన లోతుగా విచారించారు. బాలికలకు ఖుర్ఆన్, ధర్మజ్ఞానం నేర్పడం మంచిదన్నారు. అయితే లేఖలు వ్రాయడం, కవిత్వం వారికి నేర్పకపోవడమే మేలని అభిప్రాయపడ్డారు. హజ్రత్ హఫ్సా వ్రాత నేర్చిన మదీనాకూ, ఈ అభిప్రాయం వెలువడిన ఖైరవాన్‌కూ మధ్య దూరం ఇక్కడ స్పష్టమవుతుంది.

ముందు ఏది?

అన్ని దేశాల్లోనూ తొలి పాఠం ఒకే తీరున ఉండేది కాదు. ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో ఈ భేదాలను వివరించారు. మొరాకో ప్రాంతంలో పిల్లలకు ఖుర్ఆన్, దాని లిపి తప్ప మరొకటి నేర్పేవారు కారు. అది పూర్తయ్యే వరకు హదీసు, కవిత్వం, ఫిఖ్‌హ్ దరిచేరేవి కావు. అందలూసియాలో, అనగా ముస్లిం స్పెయిన్‌లో, ఖుర్ఆన్‌ను మూలంగా ఉంచుకొనే కవిత్వం, లేఖన కళ, అరబీ వ్యాకరణం కూడా తొలినాటి నుండే కలిపి నేర్పేవారు. ట్యునీషియా ప్రాంతంలో ఖుర్ఆన్‌తోపాటు హదీసు, కొన్ని శాస్త్రాల మూలసూత్రాలు చెప్పేవారు.

తూర్పు దేశాల్లో వ్రాత నేర్పడానికి వేరే ఉపాధ్యాయుడుండేవాడు. 1184లో దమస్కస్ చూచిన యాత్రికుడు ఇబ్నె జుబైర్ కూడా ఈ సంగతి ప్రస్తావించారు. అక్కడ ఖుర్ఆన్‌ను నోటితోనే చెప్పించేవారు. చేతివ్రాతకు కవితల పంక్తులు ఇచ్చేవారు. పిల్లలు వ్రాస్తూ చెరుపుతూ ఉండే పలకపై దైవవాక్కు ఉండకూడదన్నది అందుకు కారణం. ఖైరవాన్‌వారు నీటి తొట్టితో పాటించిన గౌరవాన్నే దమస్కస్‌వారు మరో విధంగా పాటించారన్నమాట.

ఈ పద్ధతులన్నింటినీ ఎదిరించి ధైర్యంగా ఒక ప్రతిపాదన చేసినవారు సెవిల్ నగరపు ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ (మరణం క్రీ.శ. 1148). ముందు భాష, కవిత్వం, పిదప లెక్కలు, ఆ తరువాతనే ఖుర్ఆన్ నేర్పాలని ఆయన వాదన. అర్థం కానిదానిని పసివానిచేత చదివించడం అనాలోచితమైన పని అని ఆయన విమర్శించారు. భాష తెలిసిన తరువాత ఖుర్ఆన్ వద్దకు వచ్చిన పిల్లవానికి అది సులభమవుతుందని ఆయన నమ్మకం.

ఇబ్నె ఖల్దూన్ ఈ ప్రతిపాదనను మెచ్చుకున్నారు. ఖుర్ఆన్ ఒక్కటే నేర్చిన మొరాకో పిల్లలకు భాషాపటిమ అలవడడంలేదని ఆయన స్వయంగా గుర్తించారు. ఖుర్ఆన్ శైలి మానవులు అనుకరించజాలనిది. కనుక దానిని మాత్రమే చదివితే సొంత మాటలలో వ్రాయగల శక్తి రాదని ఆయన కారణం చూపారు. అయినప్పటికీ లోకాచారం ఈ ప్రతిపాదనకు అనుకూలించదని తేల్చిచెప్పారు. బాల్యంలో బిడ్డ పెద్దల మాట వింటాడు. యుక్తవయస్సు వచ్చాక ఏ గాలి ఎటు తీసుకుపోతుందో తెలియదు. ఆ తరువాత ఖుర్ఆన్ నేర్చుకొనే అవకాశం ఎన్నటికీ రాకపోవచ్చును. పిల్లవాడు తప్పక చదువు కొనసాగిస్తాడనే నమ్మకమే ఉంటే, ఖాజీ చెప్పిన మార్గమే అన్నింటికన్నా ఉత్తమమైనదని ఆయన అంగీకరించారు.

ఈ తీర్పును జాగ్రత్తగా పరిశీలించాలి. అర్థం అవసరం లేదని ఇబ్నె ఖల్దూన్ అనలేదు. చదువు మధ్యలో ఆగిపోతుందన్న భయమే కంఠస్థానికి మొదటి స్థానం ఇచ్చిందని మాత్రమే ఆయన చెప్పారు.

చేతిపనివారి బిడ్డలు

అరబీ మాతృభాషగా గల దేశాల్లోనే సమస్య ఇంత జటిలమైతే, ఆ భాష తెలియని భారతదేశంలో అది రెట్టింపయింది. మక్తబ్‌లో బిడ్డ అలిఫ్, బే నేర్చి, ఖాయిదా పూర్తిచేసి, ఖుర్ఆన్ చదివేవాడు. చదువు సాగితే పారసీ పుస్తకాలు చేతికి వచ్చేవి. ఈ రెండు భాషలూ చాలామంది పిల్లలు ఇంట్లో మాట్లాడేవి కావు. ఇబ్నె ఖల్దూన్ చెప్పిన భయం ఇక్కడ నిత్యానుభవం.

ఈ చిక్కుకు ఒక సమాధానం ఢిల్లీ నుండి వచ్చింది. షాహ్ వలీయుల్లా (1703–1762) 1738లో ముగించిన ఖుర్ఆన్ పారసీ అనువాదానికి ‘ఫత్‌హుర్రహ్మాన్’ అని పేరు. అది ఎవరికోసమో ఆయన పీఠికలోనే తెలిపారు. అరబీ శాస్త్రాలన్నీ పూర్తిచేసే ఆశలేని చేతిపనివారి బిడ్డలకు, సైనికుల బిడ్డలకు ప్రత్యేకించి దీనిని బోధించాలని కోరారు. ఖుర్ఆన్ మూలాన్ని చదవడం, చిన్నచిన్న పారసీ పుస్తకాలు అర్థం చేసుకోవడం రాగానే, వివేకం కలిగే తొలి దశలోనే ఈ గ్రంథం వారి చేతికి ఇవ్వాలి. వారి మనస్సులో మొట్టమొదట చోటుచేసుకొనేది దైవగ్రంథపు అర్థమే కావాలని ఆయన ఆశయం.

దీనితో పాత వాదం మలుపు తిరిగింది. చదువు మధ్యలో ఆగిపోతుంది కనుక అర్థాన్ని వాయిదా వేయాలని లోకాచారం. చదువు మధ్యలో ఆగిపోతుంది కనుకనే అర్థాన్ని త్వరగా అందించాలని షాహ్ వలీయుల్లా ఆలోచన. ఆయన మూలపఠనాన్ని తొలగించలేదు. దాని వెంటనే భావాన్ని నిలిపారు. ఆయన కుమారులు షాహ్ రఫీయుద్దీన్, షాహ్ అబ్దుల్ ఖాదిర్ అదే కృషిని ఉర్దూలో కొనసాగించారు.

బళ్లారి లెక్కలు

చేతిపనివారి బిడ్డల చదువు ఎంతకాలం సాగేదో తెలియడానికి తెలుగు ప్రాంతానికి సంబంధించిన ఒక పత్రం ఉపకరిస్తుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని బడుల లెక్కలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపారు. తెలుగు వ్యాకరణ గ్రంథం వ్రాసిన క్యాంప్‌బెల్ ఆయనే. నేటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేవి.

ఆ జిల్లాలో మొత్తం 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వీటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, పారసీ బడులు 21. ముస్లిం విద్యార్థులు కేవలం 243 మంది. బడికి వెళ్లే బాలికలు 60 మంది ఉండగా, వారిలో ఒక్క ముస్లిం బాలిక కూడా లేదు. అదే రాజధానిలోని మలబారు జిల్లాలో 3,196 మంది ముస్లిం బాలురతోపాటు 1,122 మంది ముస్లిం బాలికలు బడులలో ఉన్నట్లు కలెక్టరు లెక్క చెబుతున్నది. కనుక బళ్లారిలోని శూన్యానికి మతాన్ని కారణంగా చూపడం చెల్లదు. అయితే ఇవి బడుల లెక్కలు మాత్రమే. ఇళ్లలో నేర్చుకునేవారు వీటిలో చేరలేదని మన్రో 1826లో గుర్తుచేశారు. మద్రాసు నగరంలో ఇంటి చదువు చదివేవారు బడి పిల్లలకు సుమారు ఐదు రెట్లు.

క్యాంప్‌బెల్ నివేదికలో మరి రెండు విషయాలు ఈ చర్చకు ముఖ్యమైనవి. పేదరికం వల్ల తల్లిదండ్రులు చదువు ఖర్చు భరించలేకపోతున్నారని, లేత చేతులు ఏ కాస్త పనికి పనికివచ్చినా బిడ్డలను పనిలో పెట్టుకోక తప్పడంలేదని ఆయన వ్రాశారు. ఇక తెలుగు, కన్నడ బడుల పిల్లలు వల్లించే పద్యాలు వాడుక భాషకు ఎంతో దూరమైనవని, అర్థం తెలియకుండానే వాటిని అప్పజెబుతున్నారని పేర్కొన్నారు. అర్థంలేని కంఠస్థం మక్తబ్‌కే పరిమితమైన లోపం కాదని దీనివల్ల తెలుస్తుంది. వీధిబడి అరుగు మీదా అదే సమస్య, అదే పేదరికం.

తెలుగు బిడ్డ ముందున్న పాఠం

స్వాతంత్ర్యానంతరం 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధనను నిషేధించింది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు తామే నెలకొల్పుకొనే హక్కును ప్రసాదించింది. ప్రభుత్వ బడికి వెళ్లే బిడ్డకు ధర్మబోధన ఉదయమో సాయంత్రమో దొరికే కాస్త సమయానికి పరిమితమయింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు. దూదేకుల కుటుంబాల వలె తెలుగే మాతృభాషగా గల పిల్లలూ ఉన్నారు. వీరందరూ అరబీ అక్షరాలను దిద్దుతూనే ఓనమాలూ దిద్దుతారు.

అనువాదం విషయంలో తెలుగువారు వెనుకబడలేదు. చిలుకూరి నారాయణరావు వంటి ముస్లిమేతర పండితుడు 20వ శతాబ్ది పూర్వార్ధంలోనే ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. అనంతరం ముస్లిం విద్వాంసుల అనువాదాలు కూడా వెలువడ్డాయి. షాహ్ వలీయుల్లా కోరిన పరికరం తెలుగు బిడ్డకు సిద్ధంగా ఉన్నది. దానిని పెద్దల బీరువాలో ఉంచాలా, పసివాని తొలి ఏడాది పాఠంలో చేర్చాలా అన్నదే మిగిలిన ప్రశ్న.

అల్ ఫాతిహా ఏడు ఆయతులు. మక్తబ్‌లో చేరిన ప్రతి బిడ్డా మొదటి ఏడాదిలో నేర్చే సూరా అది. దానిని సరియైన ఉచ్చారణతో చదవడం నేర్పిన ఉపాధ్యాయుడు, ఆ ఏడు ఆయతుల భావాన్ని బిడ్డ మాట్లాడే భాషలో చెప్పడానికి అదనంగా పట్టే కాలం కొద్ది రోజులు మాత్రమే. ఇబ్నుల్ అరబీ ఆవేదనకూ, ఇబ్నె ఖల్దూన్ భయానికీ ఆ కొద్ది రోజులలోనే సమాధానం దొరుకుతుంది. రెండో ఏడాది బడికి రాలేకపోయిన బిడ్డ సైతం తాను రోజూ నమాజులో నిలబడి ఏమి వేడుకొంటున్నాడో తెలుసుకొని వెళ్తాడు.