టాల్‌స్టాయ్ ఫారంలో అరువు మంచం

చుట్టం వస్తున్నాడంటే పొరుగింటి మంచం అరువు తెచ్చుకోవడం మన పల్లెల్లో ఎరిగిన సంగతే. 1912 నవంబరు మొదట్లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరాన, లాలీ స్టేషను దగ్గరి ఒక పొలంలో మోహన్‌దాస్ గాంధీ చేసిందీ అదే. ఆ పొలం పేరు టాల్‌స్టాయ్ ఫారం. జైళ్లకు వెళ్లిన సత్యాగ్రహుల కుటుంబాలు తలదాచుకోవడానికి 1910లో ఆర్కిటెక్టు హెర్మన్ కాలెన్‌బాఖ్ 1,100 ఎకరాలు ఇచ్చాడు. అక్కడ అందరూ నేలమీదే పడుకునేవారు. రాబోతున్నది కాంగ్రెస్ నాయకుడు గోపాలకృష్ణ గోఖలే. ఆయన వయసు 46. ఒంట్లో మధుమేహం. ఆయన కోసమని ఒక మంచం తెచ్చి వేశారు.

ఇద్దరి పరిచయం 1896లో పుణేలో మొదలైంది. 1901 కలకత్తా కాంగ్రెస్ ముగిశాక గాంధీ గోఖలే ఇంట్లో దాదాపు నెల్లాళ్లు ఉన్నాడు. మొదటి రోజు నుంచే ఆయన తనను తమ్ముడిలా చూసుకున్నారని గాంధీ తర్వాత రాసుకున్నాడు. ట్రామెక్కకుండా గుర్రపు బండిలో ఎందుకు తిరుగుతారని గోఖలేను నిలదీసేంత చనువు ఆ నెల్లాళ్లలోనే వచ్చింది. గాంధీ ఆయన్ను రాజకీయ గురువన్నాడు కానీ వయసులో తేడా మూడేళ్లే. వాళ్ల మాటల్లో వేళాకోళం ఉంది, అలకలున్నాయి, మందలింపులున్నాయి. పదేళ్ల తర్వాత ఆతిథ్యమిచ్చే వంతు గాంధీకి వచ్చింది, అదీ పరాయి గడ్డ మీద.

ఆ గడ్డ మీద భారతీయుడి స్థితి ఏమిటో గుర్తుంచుకోవాలి. 1893లో ఫస్ట్ క్లాసు టిక్కెట్టు చేతిలో ఉండగానే మారిట్స్‌బర్గ్‌లో గాంధీని రైల్లోంచి దించేశారు. ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు వేలిముద్రలతో పేర్లు నమోదు చేయించుకోవాలని చట్టం వచ్చింది. దాన్ని ఎదిరించి గాంధీ జైలుకు వెళ్లాడు. అలాంటి చోట ఒక భారతీయుడు తన అతిథిని తలెత్తుకుని స్వాగతించగలడా? అక్కడి భారతీయులకు గోఖలే పర్యటించిన నాలుగు వారాలు అందుకే అంత ముఖ్యమయ్యాయి. తనదైన గడప ఉన్నవాడే అతిథిని లోపలికి పిలవగలడు. గోఖలేను పిలవడమంటే ఈ దేశంలో మాకూ ఒక గడప ఉందని చాటడమే.

అక్టోబరు 22న గోఖలే కేప్‌టౌన్‌లో దిగారు. ప్రభుత్వం ఆయన కోసం ప్రత్యేక రైలు పెట్టె ఏర్పాటు చేసి, వెంట ఒక అధికారిని పంపింది. దారిలోని ఊళ్ల మేయర్లే సభలకు అధ్యక్షత వహించారు. జొహానెస్‌బర్గ్ స్టేషనులో నిలబెట్టిన స్వాగత తోరణం కాలెన్‌బాఖ్ గీసిన నమూనాయే. మేయరు ఎల్లిస్ స్టేషనుకు వచ్చి తన కారు అతిథికి అప్పగించాడు. సన్మాన పత్రాన్ని కాగితం మీద కాకుండా అక్కడి గనుల బంగారంతో చేసిన రేకు మీద చెక్కించారు. దాన్ని రొడీషియా టేకు చెక్కకు బిగించి, ఆ రేకు మీద భారతదేశం, సింహళం పటం వేయించారు. ఊరికి ఐదు మైళ్ల దూరంలో, కొండమీద కాలెన్‌బాఖ్ ఇల్లు ఉంది. గోఖలే బస అక్కడే. నెమ్మదిగా, నిరాడంబరంగా ఉన్న ఆ ఇల్లు ఆయనకు బాగా నచ్చింది. వచ్చేపోయేవాళ్లతో ఇంట్లో విశ్రాంతి చెడిపోకుండా ఊళ్లో మూడు గదుల ఆఫీసు అద్దెకు తీసుకున్నారు. ఆతిథ్యంలో తలపండిన గృహిణి చూపే ముందుచూపు అది.

మేసానిక్ హాల్లో జరిగిన విందు మరీ ప్రత్యేకం. 400 మంది వచ్చారు, అందులో 150 మంది దాకా తెల్లవాళ్లు. భారతీయులు తలా ఒక గినీ పెట్టి టిక్కెట్టు కొనుక్కున్నారు. వంటంతా శాకాహారమే, సారా చుక్క లేదు, వండింది వాలంటీర్లు. భారతీయులతో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాంసం, మద్యం లేకుండా భోంచేయడం చాలామంది తెల్లవాళ్లకు మొట్టమొదటి అనుభవం. అతిథి అలవాట్లకు తగ్గట్టు ఇల్లు మారడం సహజం. ఇక్కడ ఊరి పెద్దలే భారతీయుల పంక్తికి వచ్చి కూర్చున్నారు.

ఆ సందర్భంలోనే ఉత్తరీయం కథ నడిచింది. గోఖలే దగ్గర తన గురువు మహదేవ గోవింద రానడే ఇచ్చిన కండువా ఒకటుండేది. ముఖ్యమైన రోజుల్లోనే వేసుకునేవారు. తీరా విందుకు బయల్దేరబోతే అది నలిగిపోయి ఉంది. బయట ఇస్త్రీకి పంపే వ్యవధి లేదు. నేను చేస్తానన్నాడు గాంధీ. లాయరుగా నిన్ను నమ్ముతాను గానీ చాకలిగా నమ్మలేను, మరకపడితే ఏం కాను, అని గోఖలే ఆ కండువా చరిత్ర చెప్పుకొచ్చారు. రానడే పోయి అప్పటికి పదకొండేళ్లు. గాంధీకి మాత్రం ఆ పని కొత్త కాదు. చాకలి ఖర్చు భరించలేక ఏనాడో సొంతంగా ఉతుక్కోవడం, ఇస్త్రీ చేసుకోవడం నేర్చుకున్నాడు. పట్టుబట్టి చేశాడు, గోఖలే మెచ్చుకున్నారు. ఇక లోకమంతా కాదన్నా తనకు లెక్కలేదని ఆత్మకథలో సంతోషంగా రాసుకున్నాడు.

ఫారంలో మాత్రం ఆతిథ్యం తడబడింది. స్టేషను నుంచి మైలున్నర నడక. అతిథి నడవగలడనే గాంధీ అనుకున్నాడు. ఆ రోజే వాన పడింది, చలిగాలి మొదలైంది, గోఖలేకు జలుబు పట్టుకుంది. కాలెన్‌బాఖ్ గదిలో పడుకోబెట్టారు. గాంధీ సూపు కాచాడు, ఇంకొకరు ప్రత్యేకంగా రొట్టె చేశారు. వంటిల్లు దూరం. మోసుకొచ్చేలోగా అన్నీ చల్లారిపోయేవి. గోఖలే పల్లెత్తు మాట అనలేదు. ఇక్కడందరూ నేలమీదే పడుకుంటారని తెలిసిన మరుక్షణం అరువు మంచం తీయించేసి తన పక్కా నేలమీదే పరిపించుకున్నారు.

కాళ్లు పడతామని గాంధీ, కాలెన్‌బాఖ్ ముందుకొచ్చారు. అప్పుడు కోపం బయటపడింది. కష్టాలు పడటానికి మీరే పుట్టారు, మీరు గారాబం చేస్తే పడి ఉండటానికి నాలాంటివాళ్లు పుట్టారనా మీ ఉద్దేశం? ఈ అతికి శిక్ష అనుభవించండి, నన్ను ముట్టుకోనివ్వను, కాలకృత్యాలకూ దూరం నడిచే వెళ్తాను. ఆయన అన్నదాని సారాంశమిది. ఆ రాత్రంతా పశ్చాత్తాపంతో గడిచిందని గాంధీ రాశాడు. తాను నమ్మిన జీవితాన్ని ఆప్తుడి ఒంటిమీద ప్రయోగించే హక్కు తనకుందా అన్న ప్రశ్న ఆ రాత్రి గాంధీ ముందు నిలబడింది. పరదేశంలో కొత్త పద్ధతిలో బతుకుతున్న ప్రతి గృహస్థూ స్వదేశపు స్నేహితుడి ఎదుట ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే.

ఫారం నుంచి ప్రయాణం నాటాల్ వైపు సాగింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ వచ్చినప్పటి నుంచి 1911లో వలస ఆగిపోయేదాకా లక్షా యాభై వేల మందికి పైగా ఒప్పంద కూలీలు అక్కడ దిగారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లే. విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. ఒప్పందం ముగిశాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందంలోకి దిగకుండా ఉండిపోయినవాడు ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. పదమూడేళ్లు దాటిన ఆడపిల్లలూ, పదహారు దాటిన మగపిల్లలూ కట్టాల్సిందే. ఒప్పందపు మొదటి ఏడాది కూలి నెలకు పది షిల్లింగులు. ఆ లెక్కన మూడు పౌన్లంటే ఆరు నెలల కూలి. ఆ గోడును డర్బన్‌లో గోఖలే వాళ్ల నోటనే విన్నారు. కూలీల వలసను ఆపించడానికి 1910లో కలకత్తాలో ఇంపీరియల్ శాసనమండలిలో తీర్మానం తెచ్చిన మనిషి ఆయన.

నవంబరు 14న ప్రిటోరియాలో ప్రధాని బోథా, మంత్రులు స్మట్స్, ఫిషర్‌లతో గోఖలే సమావేశం జరిగింది. ముందు రాత్రి ఇద్దరికీ నిద్రలేదు. గాంధీ రాసిచ్చిన సమస్యల చిట్టాను గోఖలే గుచ్చిగుచ్చి చదివి, ప్రశ్నలు వేసి ఆకళింపు చేసుకున్నారు. చర్చలకు గాంధీ వెళ్లలేదు, కావాలనే బయట ఉండిపోయాడు. గోఖలే సంతోషంతో తిరిగొచ్చి, అన్నీ కుదిరాయి, పన్ను రద్దవుతుంది, ఏడాదిలో నువ్వు ఇండియాకు వచ్చేయాలి అన్నారు. గాంధీకి అంత నమ్మకం కలగలేదు.

సాగనంపడానికి మనం వీధి చివరిదాకా వెళ్తాం. గాంధీ, కాలెన్‌బాఖ్ తూర్పు ఆఫ్రికా దాకా ఓడలోనే వెంట వెళ్లారు. ఆ ప్రయాణంలో గోఖలే భారత నాయకుల గుణగణాలను ఒక్కొక్కరివే గాంధీకి విప్పి చెప్పారు. వెనక్కి వచ్చాక డిసెంబరులో గాంధీ ఆయనకు ఉత్తరం రాసి, తన లోపాలన్నిటికీ క్షమించమని అడిగాడు.

మరుసటి ఏడాది ప్రభుత్వం మూడు పౌన్ల పన్ను తీసేయలేమంది. అతిథికి ఇచ్చిన మాట తప్పడాన్ని గాంధీ భారతదేశానికే జరిగిన అవమానంగా తీసుకుని, ఆ పన్నునూ సత్యాగ్రహంలో చేర్చాడు. న్యూకాజిల్ బొగ్గుగనుల కూలీలు సమ్మె కట్టారు. 1913 నవంబరు 6న రెండు వేల మందికి పైగా ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు కాలినడకన సాగారు. గోఖలే ఇండియాలో అనారోగ్యంతోనే చందాలు పోగుచేశారు. 1914లో పన్ను రద్దయింది.

1915 జనవరి 9న గాంధీ బొంబాయిలో దిగాడు. గోఖలేకు ఇక నెలన్నర కూడా ఆయుష్షు లేదు. అయినా పుణేలో భారత సేవక సమాజం అతిథిగృహం ముందు ఆరుబయట చిన్న విందు పెట్టించారు. వేరుశెనగలు, ఖర్జూరాలు, ఆ కాలపు పళ్లు. అప్పట్లో గాంధీ తినేవి అవే. తన గది నుంచి నాలుగడుగుల దూరమే గానీ నడిచే ఓపిక లేదు. అయినా వచ్చారు, స్పృహ తప్పారు, మోసుకెళ్లాల్సి వచ్చింది. తెలివి రాగానే విందు ఆపవద్దని కబురు పంపారు. మిత్రులు పళ్లు తింటూ కబుర్లు కొనసాగించారు.