కొత్త తాళాలు, పాత తాళంచెవులు

ఆ మధ్య ఒక స్నేహితుడింట్లో భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను అడిగారు: "బాబూ, మా ఊళ్ళో పొలం కాగితాలన్నీ స్కాన్ చేసి క్లౌడ్‌లో పెట్టాను. అవి ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నట్టు?" సింగపూరులో పదేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ జవాబుకు కొంత చరిత్ర ఉంది.

2006 మార్చిలో అమెజాన్ సంస్థ ఎస్‌3 అనే సేవ మొదలుపెట్టింది. అద్దెకు ఫైళ్ళు దాచిపెట్టే గోదాము అనుకోండి. సరుకు మీద చీటీ అంటించినట్టు, ప్రతి ఫైలుతోపాటు కొన్ని వివరాలు రాసి పెట్టవచ్చు. ఈ చీటీ సంగతి కాస్త గుర్తుంచుకోండి. 2010 ఏప్రిల్లో ఆ గోదాము సింగపూరుకు వచ్చింది. ఆసియా పసిఫిక్‌లో వాళ్ళకు ఇదే మొదటిది.

మరి తాళం ఎవరు వేయాలి? 2011లో రెండు దారులు వచ్చాయి. ఒకటి, సరుకు చేరాక గోదామువాళ్ళే తాళం వేయడం. రెండోది, మన కంప్యూటర్లోనే తాళం వేసి పంపడం. దీన్నే క్లయింట్ సైడ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. ఇందులో ప్రతి ఫైలుకూ ఒక చిన్న తాళంచెవి కొత్తగా పుడుతుంది. ఫైలును దానితో మూస్తారు. ఆ చిన్న తాళంచెవిని మన దగ్గరుండే పెద్ద తాళంచెవితో మూసి, చీటీ మీద రాసి పంపుతారు. పెద్దది మన దగ్గరే ఉన్నంతకాలం లోపల ఏముందో గోదామువాళ్ళకూ తెలియదు.

సింగపూరులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2012లో వచ్చింది. దాని ముఖ్య నిబంధనలు 2014 జూలై 2 నుంచి అమలయ్యాయి. 2018లో సింగ్‌హెల్త్ ఆసుపత్రుల కంప్యూటర్లలోంచి 15 లక్షల మంది రోగుల వివరాలు దొంగల పాలయ్యాయి. అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ వివరాలూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత నేను కూర్చున్న ప్రతి సమావేశంలోనూ "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్న ప్రశ్న తప్పలేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. 2011 నాటి తాళం సీబీసీ అనే పద్ధతిది. అది లోపలిది కనపడకుండా దాస్తుంది గానీ, దారిలో ఎవరైనా చెయ్యి పెడితే పసిగట్టలేదు. ఇలాంటి తాళాలను ఎలా మోసం చేయవచ్చో సెర్జ్ వోదనే అనే శాస్త్రవేత్త 2002లోనే చూపించారు. తర్వాత చెయ్యి పెడితే పట్టేసే జీసీఎం పద్ధతి వచ్చింది. కానీ పాత ఫైళ్ళు ఎక్కడికి పోతాయి? అందుకని ఒకే ప్రోగ్రాము రెండు రకాలూ తెరవాల్సి వచ్చింది. ఏ ఫైలు ఏ రకమో చెప్పేది ఆ చీటీయే. ఆ చీటీ ఉండేదేమో గోదాములో!

2020 ఆగస్టులో గూగుల్ పరిశోధకులు ఈ లోపాలను బయటపెట్టారు. గోదాములో రాసే అనుమతి సంపాదించి, తాళం తెరుచుకుందో లేదో గమనించగలిగినవాడు, చీటీ మార్చి మార్చి ప్రయత్నిస్తే లోపలిది కొద్దికొద్దిగా లాగేయగలడు. దాంతో అమెజాన్ రెండో వెర్షన్ తెచ్చింది. అందులో పద్ధతి పేరును కూడా తాళంచెవితో కట్టేశారు. ఇక చీటీ మార్చితే తాళం తెరుచుకోదు.

ఆ మార్పు చేసేటప్పుడు ఒక ఆఫీసులో నేనే పొరపాటు చేశాను. ఫైళ్ళు రాసే ప్రోగ్రామును ముందు మార్చాను. ఆ రాత్రి నివేదికలు తయారుచేసే ఇంకో ప్రోగ్రాము, కొత్త చీటీ చదవడం రాక ఆగిపోయింది. సమాచారం పోలేదు గానీ తెల్లవార్లూ కూర్చోవాల్సి వచ్చింది. సరైన వరుస ఇది: ముందు చదివేవాళ్ళందరికీ కొత్త చీటీ చదవడం నేర్పాలి. ఆ తర్వాతే కొత్త పద్ధతిలో రాయాలి. పాత ఫైళ్ళను తిరిగి మూశాక పాత తలుపు పూర్తిగా మూసేయాలి. ఈ ఆఖరి మెట్టునే అందరూ వాయిదా వేస్తారు. పని నడిచిపోతోంది కదా అని పాత తలుపు అలాగే తెరిచి ఉంచుతారు. దొంగ వచ్చేది ఆ దారినే.

పెద్దాయనకు తర్వాత ఫోను చేసి ఇలా చెప్పాను. "మామూలుగా పెడితే తాళం కంపెనీవాళ్ళది, నమ్మకం మీది. ఎస్‌3లో 2023 జనవరి నుంచి కొత్తగా చేరే ప్రతి ఫైలుకూ వాళ్ళే తాళం వేస్తున్నారు. మీరే తాళం వేసి పెడితే అది మీ చేతిలోనే ఉన్నట్టు. కానీ తాళంచెవి పోతే ఆ కంపెనీ కూడా తెరవలేదు. అది ఎక్కడుందో, ఏ ప్రోగ్రాముతో తెరవాలో కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. ఏడాదికోసారి తెరిచి చూడండి."

ఆయన నవ్వి, "ఇనప్పెట్టె తాళంచెవి గురించి మా అమ్మ కూడా ఇదే చెప్పేది" అన్నారు.