ఈ టీమ్ ఓనరెవరు?

జాన్స్‌టౌన్ జెట్స్ అని అమెరికాలో ఒక ఐస్ హాకీ టీమ్ ఉండేది. 1950లో పుట్టింది, 1977లో పోయింది. ఇప్పుడా పేరు పెద్దగా ఎవరికీ గుర్తు లేదు. కానీ 'స్లాప్ షాట్' అంటే చాలామంది గుర్తుపడతారు. పాల్ న్యూమన్ సినిమా, 1977లోనే వచ్చింది. అందులోని చార్ల్స్‌టౌన్ చీఫ్స్ అనే కల్పిత టీమ్‌కి మూలం ఈ జెట్సే. అసలు టీమ్ పోయి, దాని మీద తీసిన సినిమా మిగలడం ఎలా జరిగిందా అని తవ్వుకుంటూ పోతే, నాకు ఆట కన్నా ఆ ఊరి సంగతే ఎక్కువ దొరికింది.

ముందు మైనర్ లీగ్ అంటే ఏంటో చెప్పాలి. ఐస్ హాకీలో అందరి కన్నా పైన ఉండేది ఎన్‌హెచ్‌ఎల్. దాని కింద మెట్లు మెట్లుగా చిన్న లీగులు. చిన్న ఊళ్ళు, తక్కువ జీతాలు, రాత్రంతా బస్సు ప్రయాణాలు. పైకి వెళ్ళాలని వచ్చిన కుర్రాళ్ళు, ఇక వెళ్ళలేమని తెలిసిపోయిన పెద్దవాళ్ళు ఒకే బస్సులో కూర్చుంటారు.

జాన్స్‌టౌన్ పెన్సిల్వేనియాలో కొండల మధ్య ఇరుకు లోయలో ఉంటుంది. రెండు నదులు ఊళ్ళోనే కలుస్తాయి. నది ఒడ్డున మైళ్ళ పొడవునా ఉక్కు మిల్లులు. 1889లో ఎగువన ఉన్న సౌత్ ఫోర్క్ డ్యామ్ తెగి 2,209 మంది చనిపోయారు. 1936లో మళ్ళీ వరద. ఆ తర్వాత ప్రభుత్వం నదులకి కాంక్రీట్ గోడలు కట్టింది. ఇక తమకి వరద భయం లేదని ఊరు గొప్పగా చెప్పుకుంది.

1950లో యుద్ధంలో చనిపోయిన సైనికుల గుర్తుగా వార్ మెమోరియల్ అరీనా కట్టారు. సుమారు 4,000 మంది పడతారు. జెట్స్ అక్కడే ఆడేది. ఈస్టర్న్ హాకీ లీగ్‌లో 1960, 61, 62ల్లో వరసగా మూడుసార్లు గెలిచింది. 1973లో ఆ లీగ్ విడిపోయాక కొత్తగా పెట్టిన నార్త్ అమెరికన్ హాకీ లీగ్‌లో చేరి, 1975లో అక్కడా కప్పు కొట్టింది. ఆ సీజన్‌లోనే మినెసోటా నుంచి వచ్చిన ముగ్గురు కార్ల్‌సన్ అన్నదమ్ములు ఈ టీమ్‌లో ఆడారు. సినిమాలో కళ్ళద్దాలు పెట్టుకుని కనిపించినవాడినల్లా కొట్టే హాన్సన్ బ్రదర్స్ వీళ్ళ నుంచి పుట్టినవాళ్ళే. వాళ్ళలో ఇద్దరు, జెఫ్, స్టీవ్, సినిమాలో ఆ వేషాలు తామే వేశారు.

జెట్స్‌లో నెడ్ డౌడ్ అనే ఆటగాడు ఉండేవాడు. అతని అక్క నాన్సీ డౌడ్ రచయిత్రి. ఒకరోజు ఫోన్ చేసి, టీమ్‌ని అమ్మేస్తున్నారట అన్నాడు. ఓనరెవరు అని ఆవిడ అడిగింది. తమ్ముడికి తెలీదు. ఆవిడ జాన్స్‌టౌన్ వచ్చి కొన్నాళ్ళుంది. తమ్ముడు లాకర్ రూమ్‌లో, బస్సులో టేప్ రికార్డర్ పెట్టి మాటలు రికార్డ్ చేసి ఇచ్చాడు. సినిమాలో బూతులు అంత సహజంగా ఉండడానికి కారణం అదే.

అందరూ ఆ సినిమాని కొట్లాటల కామెడీగా గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం దాని వెన్నెముక ఆ ఫోన్ ప్రశ్నే అనిపిస్తుంది. మిల్లు మూతపడుతోంది, టీమ్ కూడా పోతుంది. న్యూమన్ వేసిన కోచ్ రెజీ డన్‌లప్ ఓనర్ ఎవరో వెతుకుతూ సినిమా అంతా తిరుగుతాడు. ఈలోపు కుర్రాళ్ళు డీలా పడకుండా, ఫ్లారిడా వాళ్ళు మనల్ని కొనబోతున్నారని ఒక పుకారు పుట్టిస్తాడు. చివరికి ఓనర్ దొరుకుతుంది. ఒక ధనవంతురాలు. టీమ్‌ని అమ్మొచ్చు, కానీ మూసేసి నష్టం చూపిస్తే పన్నులో ఎక్కువ మిగులుతుంది అంటుంది. ఆవిడకి టీమ్ మీద కోపం లేదు, ప్రేమా లేదు. లెక్క చూసుకుంది, అంతే.

సినిమా 1977 ఫిబ్రవరిలో విడుదలైంది. అందులో ఊరి మధ్య ఒక కుక్క విగ్రహం ఉంటుంది, వరద నుంచి ఊరిని కాపాడిన కుక్క అని దాని గురించి చెప్పుకుంటారు. జూలై 19 రాత్రి జాన్స్‌టౌన్ మీద కొన్ని గంటల్లోనే దాదాపు 12 అంగుళాల వాన కురిసింది. చుట్టుపక్కల డ్యాములు తెగాయి. 80 మందికి పైగా చనిపోయారు. అరీనాలో మంచు తయారుచేసే యంత్రాలు పాడైపోయాయి. అదే ఏడాది లీగ్ కూడా మూతపడింది. జెట్స్ మళ్ళీ మంచు మీదకి రాలేదు.

వరద వల్లే పోయిందని చెబితే కథ సులువుగా ముగుస్తుంది. కానీ ఆ ఊళ్ళో ప్రధాన మిల్లు బెత్లెహెమ్ స్టీల్‌ది. వరద తర్వాత కంపెనీ వేల ఉద్యోగాలు తీసేసింది. 1980ల మొదట్లో దేశంలోకెల్లా నిరుద్యోగం బాగా ఎక్కువున్న ఊళ్ళలో జాన్స్‌టౌన్ ఒకటి. 1992లో బెత్లెహెమ్ అక్కడి నుంచి పూర్తిగా తప్పుకుంది. జీతం లేని మనిషి టికెట్ కొనడు. యంత్రాలు పాడైతే బాగుచేసుకోవచ్చు, టికెట్ కొనేవాళ్ళని ఎక్కణ్ణించి తేవాలి? మిల్లు ఉంచాలా, తీసేయాలా అన్న నిర్ణయం ఆ లోయలో ఎవరి చేతిలోనూ లేదు. నెడ్‌కి తెలీని జవాబు ఊరందరికీ కూడా వర్తిస్తుంది.

1988లో జాన్స్‌టౌన్‌కి మళ్ళీ ఒక ప్రొఫెషనల్ టీమ్ వచ్చింది. జెట్స్ పేరు తీసుకోలేదు, సినిమాలో టీమ్ పేరు తీసుకుంది. జాన్స్‌టౌన్ చీఫ్స్. దాని కోచ్‌లలో ఒకడు స్టీవ్ కార్ల్‌సన్. అంటే ఆ టీమ్‌కి ఆడి, దాని మీద తీసిన సినిమాలో నటించి, ఆ సినిమా పేరు పెట్టుకున్న టీమ్‌కి కోచ్ అయ్యాడు. కొంతమందికి ఇది సరదా విషయం. నాకు కొంచెం బాధగా ఉంది. ఆరుసార్లు కప్పు గెలిచిన టీమ్ కన్నా, ఎప్పుడూ లేని టీమ్‌కే మార్కెట్లో పేరుంది. అయినా ఆ పేరు వల్లే కదా ఇంకో 22 ఏళ్ళు ఆ అరీనాలో శీతాకాలం రాత్రులు లైట్లు వెలిగాయి అని కూడా అనుకుంటాను.

2010లో చీఫ్స్ కూడా వెళ్ళిపోయింది. సౌత్ కరొలైనాలో గ్రీన్‌విల్‌కి. డన్‌లప్ ఫ్లారిడా అని అబద్ధమాడాడు. ముప్పై మూడేళ్ళ తర్వాత టీమ్ నిజంగానే దక్షిణానికి తరలిపోయింది. ఆటగాళ్ళని ఓదార్చడానికి పుట్టించిన పుకారు అది. నిజమయ్యాక ఊరికి అందులో ఓదార్పేమీ మిగల్లేదు.