కాగితపు మంచుపువ్వు

చలికాలము రాగానే పాఠశాలలయందు పిల్లలచేత శీతకాలపు చిత్రములు చేయించుట వాడుకయైనది. నీలపు అట్టపై తెల్లకాగితపు తునకలు అతికించి, మంచు కప్పిన ఇంటిని, చెట్టును, ఆకాశమునుండి రాలు మంచుపువ్వులను చూపుదురు. ఢిల్లీలో పొగమంచు దట్టముగా పట్టునుగాని ఇట్టి మంచు కురియదు. మన పిల్లలలో పెక్కుమంది దానిని కన్నులార చూచినవారు కారు. మనది కాని ఋతువును ఇట్లు అనుకరింపజేయుట యేల యని పెద్దలకు తోచుట సహజమే. ఆ కాగితపు పువ్వు చరిత్రను కొంత విచారించినచో ఈ సందేహమునకు సమాధానము దొరకును.

మంచుపువ్వు ఆరు కోణములు కలదియని చీనా పండితుడు హాన్ యింగ్ క్రీ.పూ. రెండవ శతాబ్దమునందే వ్రాసెను. ఐరోపాలో ఖగోళశాస్త్రజ్ఞుడు కెప్లరు 1611లో ప్రాగ్ నగరమున ఒక చిన్న పుస్తకము వ్రాసి, నూతన సంవత్సరపు కానుకగా మిత్రునకు సమర్పించెను. ఐదును ఏడును గాక ఆరే యేల యనునదియే అందలి ప్రశ్న. గోళములను దగ్గరదగ్గరగా పేర్చు తీరును అతడు పరిశీలించెనుగాని తుదినిర్ణయమును రాబోవువారికి విడిచెను. జపానులో దొయి తొషిత్సురా అను ప్రభువు మంచుపువ్వులను సూక్ష్మదర్శినితో చూచి, 86 చిత్రములతో 1832లో గ్రంథము ప్రకటించెను. అమెరికాలో వెర్మాంటు రైతు విల్సన్ బెంట్లీ 1885లో వానిని ఛాయాచిత్రములుగా తీయ మొదలిడెను. 2,400కు పైగా చిత్రములతో ఆయన గ్రంథము 1931లో వెలువడెను. 1936లో నకయ ఉకిచిరో హొక్కైదోలోని ప్రయోగశాలలో కుందేటి వెండ్రుకపై మంచుపువ్వును పూయించెను. నీటి అణువులు గడ్డకట్టునపుడు షడ్భుజముల అమరికలో నిలుచునని నేడు మనకు తెలియును. కెప్లరు ప్రశ్నకు అదియే సమాధానము.

ఇక కాగితము సంగతి. కిండర్‌గార్టెన్ అను పేరును 1840లో పెట్టిన జర్మను విద్యావేత్త ఫ్రోబెల్ కాగితము మడచుటను, కత్తిరించుటను బాలలకు పాఠములుగా చేసెను. ఆ మడతపనియే ప్రేరణగా టి. సుందరరావు అను రెవెన్యూ ఉద్యోగి, కాగితపు మడతలతో రేఖాగణితమును బోధించు ఆంగ్లగ్రంథమును 1893లో మద్రాసున ప్రకటించెను. జర్మను గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ 1895లో దానిని పేర్కొనెను. 1901లో అది చికాగోలో మరల అచ్చయ్యెను. దస్త్రముల నడుమ కాలము గడుపు మనవంటివారికి ఇది సంతోషము కలిగించు విషయము.

చతురస్రపు కాగితమును ఊరక సగము, సగముగా మడచి కత్తిరించినచో నాలుగో ఎనిమిదో రేకులు వచ్చును. ప్రకృతిలోని మంచుపువ్వు అట్టిది కాదు. ఆరు రేకులు కావలెనన్న, కాగితమును సగమునకు మడచి, ఆ సగమును మడతయంచు నడిమి బిందువునుండి మూడు సమభాగములుగను, మరల సగముగను మడువవలెను. అపుడు పన్నెండు పొరలగును. మూడు భాగములు సరిగా వచ్చుటకు 60 అంశల కోణము వలయును. మరొక చతురస్రమును నిలువున సగమునకు మడచి విప్పి, క్రిందిమూలలలో ఒకదానిని కదలనీయక, రెండవదానిని నడిమిగీతపై పడునట్లు మడచి, పడినచోట గుర్తు పెట్టవలెను. విప్పి, ఆ గుర్తును కదలని మూలతో కలిపిన గీత అడుగుఅంచుతో సరిగా 60 అంశలు చేయును. కొలబద్ద లేకయే పిల్లవాడు దీనిని సాధింపగలడు.

మరి మన చలికాలపు చిత్రమేది? ధనుర్మాసమున తెల్లవారకమునుపే కళ్లాపి చల్లిన వాకిట మన తల్లులు పెట్టు ముగ్గే అది. ఏడు చుక్కలు, నాలుగు వచ్చువరకు సందుచుక్క యని వారు చెప్పు లెక్కను చూడుడు. నడుమ వరుసలో 7, ఇరుప్రక్కల 6, 5, 4 చొప్పున మొత్తము 37 చుక్కలు. వాని హద్దు షడ్భుజము. లోపలి ఏ చుక్కను చూచినను దానిచుట్టు ఆరు చుక్కలుండును. కెప్లరు పరిశీలించిన గోళముల పేర్పులో ఒక్క వరుసను బల్లపై పరచిన కనబడునదియు ఇదియే. ముగ్గునకును మంచుపువ్వునకును చుట్టరికము లెక్కయందే కలదు గాని చరిత్రయందు లేదు. అయినను ఆ చుట్టరికము నిజమైనది.

ఉద్యోగరీత్యా ఊరు విడిచి, వాకిలి లేని వాటాలలో కాపురముండు మనయిండ్లలో కళ్లాపి, సందుచుక్క, గొబ్బెమ్మ అను మాటలు పలుకు సందర్భమే తగ్గుచున్నది. చేతితో చేసిన పని లేనిచోట దాని మాటయు నిలువదు. కావున పిల్లలు చిత్రము చేయునపుడు పైన ఆరు రేకుల కాగితపు పువ్వును అతికింపనిండు; క్రింద, ఇంటిముంగిట, 37 చుక్కల ముగ్గును పెట్టింపుడు. ఆ చుక్కలను మాత్రము తెలుగులో లెక్కింపజేయుడు.