కానుగ గింజ లెక్క

ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై రెండేళ్లు డీజిల్ ఇంజన్లతోనే బతికాను. డిపో బోర్డు మీద డ్రైవర్ల కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడిపారన్న అంకె, రాసేవాళ్లు. అది కాస్త తగ్గినా డ్రైవరు నేరుగా నా దగ్గరికి వచ్చేవాడు. టైరులో గాలి తగ్గిందా, బ్రేకు పట్టేస్తోందా, నాజిల్ కారుతోందా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయేవాణ్ణి. పెట్రోలుకు, డీజిలుకు బదులుగా వచ్చిన ఇంధనాల కథను కూడా నేను అలాగే చూస్తాను. ఎక్కడ కారిందో తెలియాలి.

వాటిలో మొదటిది మా తాత చూసిన బొగ్గు బస్సు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషన్ అయింది. బస్సుల యజమానులు బొగ్గు గ్యాసుకు మారక తప్పలేదు. అప్పట్లో మా పుట్టపర్తి రావాలంటే పెనుకొండలో రైలు దిగి, బస్సులో బుక్కపట్నం చేరి, అక్కడి నుంచి ఎద్దులబండి కట్టుకుని చిత్రావతి ఇసుకలో పడి రావాలి. బస్సు వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము ఉండేదనీ, బయల్దేరే ముందు క్లీనరు చెమటలు కక్కుతూ చక్రం తిప్పి నిప్పు రాజేసేవాడనీ తాత చెప్పేవాడు. చాలీచాలని గాలిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఇంజన్‌లో మండేది ఆ వాయువే. పెట్రోలంత బలం దానికి లేదు. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాల్సిందే. యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే డ్రమ్ములు పాత ఇనుముకు పోయాయి. కరువు తెచ్చిన ఇంధనం కరువుతోనే పోయింది.

ఐటీఐలో మా మాస్టారు చెప్పిన సంగతి ఒకటి నా మనసులో అలాగే నిలిచిపోయింది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారట. ఆఫ్రికాలోని తమ వలస దేశాల్లో చెనక్కాయ బాగా పండుతుంది కనుక ఫ్రెంచి ప్రభుత్వమే ఆ ప్రయత్నం చేయించింది. ఆ రోజు నేను క్లాసులో తల ఎత్తుకుని కూర్చున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని మా అనంతపురం నేలలో చెనక్కాయ తప్ప మాకు వేరే దిక్కు లేదు మరి. మనుషులు తినే నూనెను ఇంజన్‌కు పోయడం తగదు. అయితే తినడానికి పనికిరాని నూనెగింజలు కూడా మా గట్ల మీదే ఉన్నాయి: కానుగ, అడవి ఆముదం.

2000 తర్వాత ప్రభుత్వాల చూపు వాటి మీద పడింది. మెట్టభూముల్లో బయోడీజిల్ మొక్కలు పెంచాలని మన రాష్ట్రం ప్రచారం చేసింది. మాకూ మొక్కలు ఇచ్చారు. మా నాయన గట్టు పొడవునా కానుగలు నాటి, రెండు ఎండాకాలాలు కడవలతో నీళ్లు మోసి బతికించాడు. నాకూ గట్టి నమ్మకం ఉండేది. కానుగ నూనె చిక్కన. నేరుగా పోస్తే నాజిల్‌కు మసి కడుతుంది. మిథనాల్, కాస్టిక్ కలిపితే గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది, పైన తేలేదే బయోడీజిల్. ఇంజన్ పరంగా నాకే అనుమానమూ లేదు.

కారింది ఇంజన్‌లో కాదు, ధరలో. 2006 జనవరి 1 నుంచి చమురు కంపెనీలు దేశంలోని 20 కొనుగోలు కేంద్రాల్లో లీటరు బయోడీజిల్‌ను 25 రూపాయలకు కొనాలని కేంద్రం విధానం చేసింది. నేను పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. లీటరు నూనెకు సుమారు నాలుగు కిలోల గింజ కావాలి. గానుగ ఖర్చు, మిథనాల్ ఖర్చు, లారీ బాడుగ ఏవీ లేవనుకున్నా కిలోకు ఆరు రూపాయల పావలా దాటదు. ఆ ఖర్చులు తీసేస్తే కాయ ఏరి, కొట్టి, గింజ తీసిన ఆడమనిషి చేతికి వచ్చేదేమిటి? ఆ ఫిబ్రవరి 2న అప్పటి మా అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మట్టిపనికి వెళ్తే చట్టప్రకారం కూలి వస్తుంటే కానుగ కాయ ఎవరు ఏరుతారు? తయారీ ఖర్చే 25 రూపాయలు దాటడంతో కేంద్రాలకు సరుకు రాలేదు. 2009 జాతీయ విధానం 2017 నాటికి 20 శాతం జీవ ఇంధనం అన్నది. ఆ గడువు వచ్చింది, పోయింది. మా గింజలు గట్టు కిందే మొలిచాయి.

అదే కాలంలో చెరకు మడ్డి నుంచి తీసే ఇథనాల్ నిలదొక్కుకుంది. దాని కథ 1948 నాటి పవర్ ఆల్కహాల్ చట్టంతోనే మొదలైంది. ఆ చట్టాన్ని 2000లో రద్దు చేశారు. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం కలపాలన్నారు. అప్పుడూ తడబడింది. 2014 డిసెంబరు నుంచి ప్రభుత్వమే ధర నిర్ణయించి కొనిపించడం మొదలుపెట్టాక కుదురుకుని, 2025లో 20 శాతానికి చేరింది. గిట్టుబాటు ధర ఉంది, కొనేవాడు ఉన్నాడు. కానుగకు కాగితం మీద కొనేవాడు ఉన్నా గిట్టుబాటు ధర కుదరలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు కరెంటు బండి వంతు. 2015లో కేంద్రం ఈ బండ్ల కొనుగోలుకు రాయితీ ఇచ్చే ఫేమ్ పథకం తెచ్చింది. 2018లో మన రాష్ట్రం విద్యుత్ వాహనాల విధానం ప్రకటించి, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము భారం తీసేస్తానన్నది. అదే ఏడాది అక్టోబరులో బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2019 ఆగస్టులో ఈ బండ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కార్ఖానా నుంచి 2025లో కరెంటు కారు కూడా బయటికి వచ్చింది. ఇక కరెంటు సంగతంటారా, మా ప్రాంతంలోని నంబులపూలకుంటలో 2016లోనే ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్తు తీయడం మొదలుపెట్టింది. మా పంటను మాడ్చే ఎండకు ఇంకొక పని దొరికినందుకు నాకు నిజంగా సంతోషం.

మా వీధిలో ఒక కుర్రవాడు ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అంకెల ఆటో కొని, ప్రశాంతి నిలయం స్టేషన్ నుంచి మందిరానికి యాత్రికులను తిప్పుతున్నాడు. రాత్రి ఇంటిదగ్గరే చార్జింగ్. మొన్న నా పక్కన కూర్చుని రోజుకు ఎంత మిగులుతుందో చెప్పాడు. డీజిల్ ఆటో కంటే నయమే. బ్యాటరీ పాడైతే కొత్తదానికి ఎంత పక్కన పెడుతున్నావని అడిగాను. కొనేటప్పుడు రాయితీ చెప్పారు గానీ ఆ లెక్క ఎవరూ చెప్పలేదన్నాడు.

ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం. వాయిదా, కరెంటు, టైర్లు, ఆ కింద బ్యాటరీకి రోజుకు ఇంత. మిగిలింది చిన్న అంకె, అయినా మిగిలింది. మా నాయన నీళ్లు మోసిన రోజుల్లో ఇలాంటి కాగితం ఒకటి మా ఇంట్లో ఎవరైనా రాసి ఉంటే బాగుండేది. ఆ కుర్రవాడు దాన్ని మడిచి ఆర్‌సీతో పాటు పెట్టుకున్నాడు.