నట్టు నట్టూ విప్పి చూసిన కారు

1907లో లండన్, గ్లాస్గో నగరాల మధ్య వెండిరంగు కారు ఒకటి ఆదివారాలు తప్ప రాత్రనక పగలనక తిరిగింది. రోల్స్-రాయిస్ కంపెనీ 40/50 హార్స్‌పవర్ బండి అది, నంబరు ఏఎక్స్ 201. సిల్వర్ ఘోస్ట్ అంటే తెలియనివాళ్లు తక్కువ. వ్యాపారం చూసుకునే క్లాడ్ జాన్సన్ దాన్ని 15,000 మైళ్లు నడిపించాలని పట్టుబట్టాడు. సొంత డబ్బా అనిపించుకోకుండా రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులను సాక్షులుగా పెట్టుకున్నాడు. 629 మైళ్ల దగ్గర ఒకసారి ఆగింది. కుదుపులకు పెట్రోలు కుళాయి మూసుకుపోయిందంతే. ఆ తర్వాత 14,371 మైళ్లు చెడిపోయి ఆగిన పాపాన పోలేదు.

పత్రికలకు ఆ అంకె చాలు. మెకానిక్కుకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. క్లబ్ వాళ్లు బండిని పూర్తిగా విప్పదీసి, భాగాలన్నీ కొలిచారు. ఇంజిన్‌కూ గేర్లకూ వంక పెట్టలేకపోయారు. స్టీరింగ్ కీళ్లలో ఒకటి రెండు చోట్ల అంగుళంలో వెయ్యో వంతు అరుగుదల కనిపించింది. వాల్వులు మాత్రం మళ్లీ గ్రైండింగ్ చేయాలన్నారు. దాన్ని కొత్త బండితో సమానం చేసేందుకు కావలసిన విడిభాగాల ఖరీదు రెండు పౌండ్ల పైచిలుకు!

వాల్వులే ఎందుకు లొంగాయంటే, మంట తగిలేది వాటికే. ముఖ్యంగా కాలిన పొగ బయటికి వెళ్లే ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాగుతూనే లక్షలసార్లు సీటు మీద పడుతుంది. మసి పేరుకుని, అంచు గుంటలు పడి, కంప్రెషన్ లీకవుతుంది. సిల్వర్ ఘోస్ట్‌కు ఊడదీసే హెడ్ లేదు. పక్కన ఉండే పన్నెండు వాల్వులనూ వాటి మీది మూతలు విప్పి పైకి తీయాల్సిందే. అంచుకు పేస్టు రాసి, సీటు మీద అటొక సగం తిప్పు, ఇటొక సగం తిప్పు తిప్పుతూ, మధ్యమధ్య ఎత్తి చోటు మారుస్తూ నూరుతారు. తర్వాత తుడిచి, అంచు చుట్టూ పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, సీటులో పెట్టి కాస్త తిప్పుతారు. గీతలన్నీ చెరిగితే పని అయినట్టు. ఒక్కటి మిగిలినా మళ్లీ పేస్టు. అనుమానం తీరనివాళ్లు కిరోసిన్ పోసి, చెమ్మ దిగుతుందేమో కూడా చూస్తారు.

కమాన్ పట్టీల సంగతి వేరు. అవి విరిగేదాకా రోడ్ల మీద తిప్పాలంటే నెలలు పడుతుంది. అందుకే హెన్రీ రాయిస్ డెర్బీ కర్మాగారంలో రోడ్డునే యంత్రంగా మార్చాడు. చక్రాల కింద ఎగుడుదిగుళ్లున్న డ్రమ్ములు తిరుగుతుంటే, ఛాసీ నిలుచున్నచోటే ఎగిరెగిరి పడేది. ఏది ముందు విరిగితే దాన్ని బలపరచడం, మళ్లీ ఎగరేయడం. కారుకు ఇంత శిక్ష వేసినందుకే కొన్నవాళ్లు నిశ్చింతగా తిరిగారు.

ఆ మోడల్ కారు ఒకటి హైదరాబాద్‌కూ వచ్చింది. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూశారు. బార్కర్ కంపెనీ కట్టిన ఆ పసుపురంగు బండి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. వెనక సింహాసనంలాంటి సీటు ఉన్న ఆ కారు తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది.

తిరగని బండికి అరుగుదల ఉండదు కానీ, జబ్బులుంటాయి. ఇంజిన్ ఎక్కడ ఆగినా కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి; తేమ లోపలికి చేరి సీటుకు తుప్పు పడుతుంది, కాడ బిగుసుకుపోతుంది. అందుకే ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఏ పాత కారునైనా తెలిసినవాళ్లు ఒకేసారి స్టార్ట్ చేయరు. సిలిండర్లలో నూనె వేసి నానబెడతారు. పెట్రోలు పోయకుండా హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతూ, లేచిన ప్రతి వాల్వూ తిరిగి దిగుతోందో లేదో చూస్తారు. కమాన్ పట్టీలు విప్పి, కిరోసిన్‌లో ముంచి తుడిచి, సుద్ద పూసి సుత్తితో తడతారు. పగులుంటే సుద్ద మీద తడి గీత తేలుతుంది.